నాయన చేతికి వినిపించిన పాట

పోయిన వేసవిలో మా మనవరాలు, అంటే మా అమ్మాయి కూతురు, సెలవులకని వికారాబాదులో నా దగ్గరికి వస్తూ వస్తూ తనంత ఎత్తున్న గిటారు ఒకటి వీపున వేసుకుని వచ్చింది. లావు తీగల గిటారు. బేస్ గిటారు అంటారట. కాలేజీలో తనతో చదివే పిల్లలు కట్టుకున్న బ్యాండులో దాన్ని వాయించేది తానేనట. ఒంటిగా ఉండే ఇంట్లో చాలా కాలానికి మనిషి అలికిడి వినబడింది కదా, ఏం వాయించినా బాగానే ఉందనుకుంటూ నేను వంటింట్లో బెండకాయలు తరుగుతూ ఉంటే, ఆ పిల్ల ఉన్నట్టుండి వచ్చి, ఇది విను అమ్మమ్మా అని తన హెడ్‌ఫోన్లు తీసి నా చెవులకు తగిలించింది.

విన్న మరుక్షణం కత్తిపీట పక్కకు జరిపేశాను. కింద లావుగా ఒక తీగ నడుస్తోంది. దాని పక్కనే డ్రమ్ము, దెబ్బ పడవలసిన చోట పడకుండా ఒక్క రవ్వంత ఆగి, మనం ముందుకు తూలబోయేలోగా వచ్చి పడుతోంది. దీన్ని ఫంక్ అంటారు అమ్మమ్మా, అమెరికా పాటలు, మీ కాలానివే అని ఆ పిల్ల చెప్పింది. యాభై ఏళ్లుగా నేను మనసులో 'నాయన పాట' అనుకుంటూ వచ్చినదానికి లోకంలో వేరే పేరొకటి ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

మన ఈడువాళ్లకు బొగ్గు ఇంజన్లు గుర్తుండే ఉంటాయి. మా నాయన గూడ్సు బండి డ్రైవరు. తాతముత్తాతలు మర్పల్లి దిక్కు గొర్లు కాసుకున్నవాళ్లు. నాయన ఒక్కడు మాత్రం పొద్దున్నే మందను తోలుకుపోయే బదులు రైలు పట్టాల వెంట నడిచి వచ్చి, ఇంజన్లు తుడిచే పనిలో చేరి, తర్వాత బొగ్గు వేసే ఫైర్‌మన్ అయి, చివరికి డ్రైవరయ్యాడు. అరవై తొమ్మిదిలో మా అమ్మ పచ్చకామెర్లతో పోయింది. అప్పుడు నేను ఏడో తరగతి. వికారాబాదు రైల్వే క్వార్టర్లో నేనూ నాయనా ఇద్దరమే మిగిలాం. అన్నం నేనే వండేదాన్ని, వండి పిలిచేదాన్ని. నాయన పలికేవాడు కాదు.

పిలుపుకే కాదు, బడిలో ఏం జరిగిందో చెప్పినా, ఉప్పు సరిపోయిందా అని అడిగినా గోడ వైపు చూస్తూ కూర్చునేవాడు. పోనీ చెవుడు అనుకుందామంటే, పక్క క్వార్టర్లో ఉండే ఆంగ్లో ఇండియన్ అంకుల్, ఆయనా డ్రైవరే, గోడ అవతల నుంచి తన బొంగురు గొంతుతో ఒక్క మాట అంటే చాలు, నాయన ఠక్కున బదులు చెప్పేవాడు. దాంతో నాకు ఒకటే తోచింది. అమ్మ పోయాక నాయనకు నా మాటలు వినాలని లేదు. పన్నెండేళ్ల పిల్లకు ఇంకేం తోస్తుంది చెప్పండి. మెల్లమెల్లగా నేనూ మాట్లాడటం మానేశాను. అనంతగిరి గుట్టల మీంచి వచ్చే గాలికి కిటికీ రెక్క కొట్టుకుంటే, అదే మా ఇంట్లో సాయంత్రం పూట వినిపించే మాట.

ఆ తర్వాత రెండేళ్లకు డాక్టరీ పరీక్షలో నాయన చెవులు పనికిరావని తేల్చి ఇంజను మీద నుంచి దించేశారు. తాండూరు గూడ్సు షెడ్డులో తేలిక పని ఇచ్చారు. తాండూరు వెళ్లవలసిన రోజుల్లోనే అంకుల్ కూడా రిటైరై, బెంగుళూరులో ఉన్న తన చెల్లెలి దగ్గరికి పోతూ, తన రికార్డు ప్లేయరును, తానే చెక్కతో చేసుకున్న పెద్ద స్పీకరు పెట్టెను, కొన్ని రికార్డులను తెచ్చి మా గడపలో పెట్టాడు. ఓడల్లో పనిచేసే ఆయన మేనల్లుడు తెచ్చిచ్చిన రికార్డులవి. వద్దని నాయన చేతులు ఊపుతుంటే ఆయన నా వైపు తిరిగి, "తీస్కపో బేటీ. ఇగ నా తాన వినేటోళ్లు ఎవరున్నరు?" అన్నాడు. ఆయన భార్య పోయి అప్పటికి చాలా ఏళ్లయింది. ఆ మాట బరువు నాకు అప్పుడు తెలియలేదు.

తాండూరులో నాకు స్నేహితులు కుదరలేదు. కర్ణాటక పక్కనే ఉన్న ఊరు కదా, బడిలో పిల్లలు సగం మంది తమలో తాము కన్నడంలో మాట్లాడుకునేవాళ్లు. ఇంటికొస్తే రాళ్ల పొడి. నేల మీద పరిచినవి నాపరాళ్లే, గోడకు కట్టినవీ అవే, నాయన బట్టల నుంచి రాలే దుమ్మూ అదే. బండి నడిపిన మనిషి, వ్యాగన్లలోకి రాళ్లు ఎక్కుతుంటే పక్కన నిలబడి చూసే పనికి వచ్చాడు. ఇంజను కూత ఆయనకు వినిపించేది కాదు గానీ, బండి స్టేషన్లోకి వస్తుంటే అరికాళ్లతో తెలుసుకుని అటు తిరిగేవాడని తోటివాళ్లు చెప్పుకునేవారు.

ఆ ఒంటరితనంలోనే నేను రికార్డులు పెట్టడం మొదలుపెట్టాను. అమ్మ చీరలున్న చెక్క సందూక మీద స్పీకరు పెట్టుకుని, ఎట్లాగూ నాయనకు వినపడదు కదా అని గట్టిగా పెట్టేదాన్ని. ఎక్కువసార్లు పెట్టింది అట్ట చిరిగిపోయిన ఒక రికార్డు. దాని మీద ఇంగ్లీషులో ఉన్న పేరు నాకు చదవడం రాలేదు, చదవడం వచ్చేనాటికి అక్షరాలు చెరిగిపోయాయి. అందులో ఎవరో ఒకాయన అరుస్తూ పాడేవాడు. ఆ అరుపులే పాట అనుకునేదాన్ని. ఇంట్లో ఒక మనిషి గొంతు ఉంటే చాలనిపించేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నాయన చాయ గ్లాసు పట్టుకుని సందూకకు వీపు ఆనించి కూర్చున్నాడు. నేను రికార్డు పెట్టి బియ్యం ఏరుకుంటున్నాను. కాసేపటికి నాయన తలెత్తి, "ఎవలో తలుపు కొడుతున్నరు బిడ్డా" అన్నాడు.

ఎవరూ కొట్టడం లేదు. నేను తల అడ్డంగా ఊపినా నమ్మక, లేచి వెళ్లి తలుపు తీసి, వాకిట్లో అటూ ఇటూ చూసి వచ్చి మళ్లీ సందూకకు ఆనుకున్నాడు. ఆనుకోగానే మొహం మారిపోయింది. వెనక్కి తిరిగి సందూక మీద అరచెయ్యి పెట్టాడు. అట్లాగే ఉండిపోయాడు. పాట అయిపోయింది. నేను భయపడి రికార్డు తీసేయబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"మళ్ల పెట్టు" అన్నాడు. పెట్టాను. "కొట్టుడు కాదిది. ఇద్దరున్నరు. ఒకడు తీగ లాగుతున్నడు, ఒకడు దెబ్బ ఏస్తున్నడు."

నాకు ఏ తీగా వినిపించలేదు. అప్పుడు నా చెయ్యి తీసి సందూక మీద, తన చెయ్యి పక్కన పెట్టాడు. "పైన ఒర్రెటోన్ని ఇడిసిపెట్టు. కింద సూడు" అన్నాడు. చూశాను. అరుపుల అడుగున, నేను ఇన్ని రోజులూ విని కూడా వినని ఒక లావుపాటి నడక చేతికి తగిలింది. "ఖాళీ బండి కాదు బిడ్డా, లోడు బండి ఎత్తుతున్నడు. సూడు, ఆగిండు... ఆగిండు... ఇగో, కొట్టిండు!" అంటూ అరవై వ్యాగన్ల బండి కదిలించినవాడిలా నవ్వాడు. అమ్మ పోయాక నాయన నవ్వగా చూడటం నాకు అదే మొదలు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం మాకు అదే పని. నాయన సందూకకు ఒక పక్క, నేను ఒక పక్క. గోడ అవతల ఉండే ముస్లిం పెద్దామె, నేను ఖాలా అని పిలిచే ఆమె, మొదట్లో ఏమంటుందోనని బెదిరాం గానీ, ఆమె ఒకరోజు తొంగి చూసి, "మా శాదీలల్ల కొట్టే మర్ఫా లెక్కనే ఉన్నదమ్మా, జర జోర్‌గ పెట్టు" అని పోయింది. పెళ్లి ఊరేగింపు బారాతు ముందర పోయే మర్ఫా డప్పుల దరువును, ఎక్కడో సముద్రాల అవతల నల్లజాతివాళ్లు వాయించిన పాటను ఆమె ఒక్క మాటతో కలిపేసింది. నాయన కూడా ఔనన్నట్టు తల ఊపాడు, ఆమె ఏమందో వినబడకపోయినా.

నా మనసులో చిక్కుముడి విడిపోయింది మాత్రం ఇంకొన్నాళ్లకు. అంకుల్ గొంతు లావు, నాది సన్నం. తీగల్లో లావుది వినిపిస్తుంది, పైన అరిచే మనిషి వినిపించడు. ఒక సాయంత్రం అన్నం వడ్డించి, నాయన వెనక నిలబడి, పిలిచినట్టు కాకుండా, గొంతును కడుపులోకి దించి, నిదానంగా అన్నాను. "నాయనా, అన్నం తింటవా?"

"తింట, పెట్టు" అన్నాడు నాయన.

అని, ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరిగి చూశాడు. నేను గిన్నె కింద పెట్టి కూర్చుని ఏడ్చాను. నాయనకు నా మాట వినాలని లేక కాదు. ఇంజను మోత ముందుగా సన్నని శబ్దాలను తినేస్తుందని, ఆడపిల్లల గొంతులు, గంటలు, పిట్టలు మొదట పోతాయని తర్వాతెప్పుడో హైదరాబాదులో ఒక చెవి డాక్టరు చెప్పాడు. ఆ రోజు నాకు ఆ వివరమేదీ తెలియదు. తెలిసిందల్లా, మూడేళ్ల తర్వాత నాయన నాకు బదులు చెప్పాడని.

ఆ గొంతే నన్ను నిలబెట్టింది కూడా. నా పదో తరగతి అయ్యాక మర్పల్లి నుంచి మేనత్త వచ్చింది. అన్నకు వినపడదు కదా అని ఆయన ఎదురుగానే కూర్చుని, "చెవులు ఇనరాని మనిషి తాన ఎదిగిన పిల్ల ఎట్ల ఉంటది? నాతోని తోలుకపోత. ఈ ఏడే పెండ్లి చేస్త" అంది. మంచికే అంది, ఆమె మనసులో కల్మషం లేదు. నా బట్టలు మూట కట్టడం కూడా మొదలుపెట్టింది. నేను వెళ్లి నాయన పక్కన కూర్చుని, దించిన గొంతుతో చెప్పాను. "నాయనా, అత్త నన్ను తోలుకపోయి పెండ్లి చేస్తనంటున్నది. నేను పోను. చదువుకుంట."

నాయన చెల్లెలి వైపు తిరిగాడు. "ఆ మూట ఇప్పు. బిడ్డ సదువుకుంటది."

మేనత్త మూట వదిలేసి అన్న ముందుకు వచ్చింది. "నీకెట్ల తెలిసింది అన్నా?" అని చేతులతో అడిగితే, "నా బిడ్డ మాట నాకు ఇనొస్తది" అన్నాడు.

చదువుకున్నాను. టీచరునై రోజూ తాండూరు నుంచి కొడంగల్ బస్సులో పోయి వచ్చాను. ఎనభైల మొదట్లో నాకు పెళ్లయింది. రిటైరైన నాయనను మాతోపాటే వికారాబాదు తెచ్చుకున్నాం. అప్పటికి రికార్డు అరిగిపోయింది, ప్లేయరుకు ముల్లు దొరకడం మానేసింది. మా ఆయన ముచ్చటపడి ఒక టేపు రికార్డరు తెచ్చి, ఎవరినో అడిగి అటువంటి పాటలే ఉన్న క్యాసెట్టు సంపాదించి పెట్టాడు. పాట మోగుతుంటే నాయన ఆ టేపు రికార్డరును రెండు చేతుల్లో పట్టుకుని, తిప్పి, చెంపకు ఆనించుకుని చాలాసేపు చూశాడు. "ఇందుల ఎవ్వలు లేరు బిడ్డా" అని తిరిగి ఇచ్చేశాడు. అంత చిన్న డబ్బాలో ఆ లావు తీగ పట్టదు. మా ఆయన చిన్నబోయాడు గానీ ఎవరి తప్పూ లేదు.

కొన్నాళ్లకు నా దించిన గొంతు కూడా నాయనకు అందకుండా పోయింది. ఎంత దించినా అందలేదు. అప్పుడు మాకు మిగిలింది ఒక్కటే. సాయంత్రాలు అరుగు మీద ఆయన పక్కన కూర్చుని, ఆయన మోకాలి మీద నా వేళ్లతో ఆ పాట నడక వాయించేదాన్ని. ఆగవలసిన చోట ఆగేదాన్ని. నాయన తన చేత్తో ఆ ఆగిన దెబ్బ కొట్టేవాడు, ఒక్కసారీ తప్పకుండా, రవ్వంత ఆలస్యంగా, సరిగ్గా ఎక్కడ పడాలో అక్కడ. అదే మా మాటామంతీ. బడి నుంచి వచ్చాక ఆ కాసేపటి కోసం ఎదురుచూసేదాన్ని.

ఒక వానాకాలం సాయంత్రం నేను ఆగాను. నాయన కొట్టలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి, నా వైపే చూస్తున్నాడు గానీ, చెయ్యి ఒళ్లో అట్లాగే ఉండిపోయింది. ఇంకోసారి మొదటి నుంచి వాయించి ఆగాను. వాన పడుతూనే ఉంది. తర్వాత ఆయన ఎక్కువ రోజులు లేడు.

ఇదంతా మనవరాలికి చెప్పాను. పాట వింటూ దెబ్బ ఆగే చోటల్లా నేను ముందే వేలు ఆపడం చూసి, డ్రమ్ము కొట్టేవాడు ఎక్కడ ఆగుతాడో నీకెట్లా తెలుసు అమ్మమ్మా అని అడిగింది కాబట్టి చెప్పాను. శ్రద్ధగానే విన్నది, కళ్లు తుడుచుకుంది, సెలవులు అయ్యాక గిటారు వీపున వేసుకుని వెళ్లిపోయింది. మా ఆయన పోయినప్పటి నుంచి ఇంట్లో నేనొక్కదాన్నే. ఇప్పుడు బొగ్గు ఇంజన్లు లేవు, బండ్లు వచ్చేదీ పోయేదీ కాళ్లకు తెలియదు. ఆ రోజుల్లో ఒక ఇంట్లో పాట పెడితే ఇష్టమున్నా లేకున్నా ఇంటిల్లిపాదీ వినవలసిందే, పక్కింటివాళ్లూ వినవలసిందే. ఇప్పుడు ఎవరి పాట వారి చెవుల్లోనే మొదలై అక్కడే అయిపోతోంది. పిల్ల ఉన్న రోజుల్లో కూడా ఒకే గదిలో ఇద్దరం కూర్చుని, తాను ఏం వింటోందో నాకు తెలియకుండానే చాలా పొద్దులు గడిచాయి.

పోతూ పోతూ నా ఫోనులో ఆ పాటలు ఎక్కించి, చెవుల్లో పెట్టుకునేవి కూడా ఇచ్చి పోయింది. వింటున్నాను. అన్నీ స్పష్టంగా వినిపిస్తాయి, అంకుల్ స్పీకరులో కంటే బాగా వినిపిస్తాయి. కాసేపయ్యేసరికి మాత్రం, ఇదిగో ఇక్కడ చూడు అని ఎవరి చెయ్యైనా పట్టుకుని చెప్పాలనిపించి పక్కకు తిరుగుతాను. తిరిగాక పాటను సగంలోనే ఆపేసి లేచి, ఏదో ఒక పని వెతుక్కుంటాను.