పడగానే లేచేటోడు

జీతానికి బాస్కెట్‌బాల్ ఆడిన మొదటి యేడు, మా కోచ్ లాప్‌టాప్ నా దిక్కు తిప్పిండు. అండ్ల మా ఆటల లెక్కలున్నయి: టీంల అందరికంటె ఎక్కువ దెబ్బలు తినేది నేను, అందరికంటె తక్కువ ఫౌల్‌లు దొరికేది నాకే.

"పడగానే లేస్తవెందుకుర? పడి ఒర్రు! అప్పుడే రిఫరీ ఫౌల్ ఇస్తడు. రెండు ఫ్రీ త్రోలంటే ఒక షాట్ కన్నా ఎక్కువ విలువ."

కామాటిపురల మావి బిల్డింగ్ పనోళ్ల ఇండ్లు. పడ్డోడు వెంటనే లేవకపోతే తెల్లారి మేస్త్రి పనికి పిలవడు. నడక నేర్పంగనే నాయిన నాకది నేర్పిండు.

నేను ఒర్రుడు నేర్చుకున్న. జనం చప్పట్లు కొట్టిన్రు.

ఆ యేడే నాయిన పరంజా మీదికెల్లి పడ్డడు. లేచి, దుమ్ము దులుపుకొని, మళ్ల తట్ట ఎత్తుకున్నడు. పొద్దుగూకేసరికి పానం పోయింది.

పరిహారం కోసం, పనిల పడి సచ్చిపోయిండని రాయమంటే మేస్త్రి నవ్విండు.

"దెబ్బ తగిలినోడు లేచి తట్ట మోస్తడా?"