ఆ రోజు వేసిన గడ్డిపోచ

మొన్న మా అమ్మాయి ఫోన్లో నొక్కి ఎండుగడ్డి తెప్పించింది. క్రిస్మస్‌కు పశువుల పాక కట్టడానికట. పాలిథిన్ సంచిలో, సమానంగా కత్తిరించి, దుమ్ము దులిపి పంపారు. గడ్డి కూడా ఇలా తలంటు పోసుకుని వస్తుందని తెలిస్తే మా నాయనమ్మ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకునేది. సంచి విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వాసనే లేదు. అయినా ఫిలింనగర్ కొండవాలులో మేమున్న రెండు గదుల ఇల్లు, ఆ ఇంట్లో గడిచిన ఒక ఆగమన కాలం గుర్తొచ్చి, సంచి ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

సినిమావాళ్లు ఒక్కొక్కరే మద్రాసు వదిలి ఇటు వస్తున్న రోజులవి. వాళ్ల వెనకే లైట్లు మోసే మా నాన్న, బాబాయి కూడా వచ్చారు. పైన జూబ్లీహిల్స్‌లో బండలు పగలగొట్టి మేడలు కడుతుంటే, కింద మేం ఆ బండల సందుల్లోనే కాపురాలు పెట్టాం. గుంటూరు వైపు నుంచి వచ్చిన క్యాథలిక్కులం. క్రిస్మస్‌కు ముందు నాలుగు వారాల ఆగమన కాలంలో ఇంటి పెత్తనమంతా నాయనమ్మది. మాంసం వండకూడదు, సినిమా పాట వినకూడదు. సినిమా కూడు తినే ఇంట్లో ఇదేం చోద్యమని నాన్న గొణిగేవారు గానీ గొంతు పెంచేవారు కాదు. వారానికో కొవ్వొత్తి చొప్పున వెలిగించాలి. మూడో ఆదివారానిది గులాబీ రంగు, మిగతా మూడూ ఊదా. రంగు కొవ్వొత్తులు ఎక్కడా దొరక్క, నాన్న లైట్లకు కట్టే రంగు జిలెటిన్ కాగితం ముక్కలు తెచ్చి గాజుగ్లాసులకు చుట్టి, లోపల తెల్ల కొవ్వొత్తి నిలబెట్టేవారు.

గూట్లో ఖాళీ తొట్టి ఒకటి ఉండేది. సాయంత్రం ప్రార్థన అయ్యాక, ఆ రోజు ఏదైనా మంచిపని చేసినవాళ్లు అందులో ఒక గడ్డిపోచ వేయాలి. పండగ నాటికి బాలయేసుకు పడక మెత్తగా అమరాలి. ఆ గడ్డి పల్లెటూరి సెట్టు పీకేశాక నాన్న మోసుకొచ్చిందే. దాని మీద అంతకు ముందు ఏ హీరోయిన్ గంతులేసిందో మాకు తెలియదు, బాలయేసుకూ పట్టింపు లేదు. ఇంటి ఓనరమ్మ మాత్రం, "ఏందమ్మా, ఇంట్ల గింత గడ్డి పెట్టిండ్రు, బర్రెను తెస్తున్నరా?" అని అడిగింది. "లేదమ్మా, బిడ్డ పుడతాడు" అంది నాయనమ్మ. ఆవిడ అనుమానంగా మా అమ్మ పొట్ట వైపు చూసింది.

ఆ ఏడు నాన్నను మాత్రం నాయనమ్మ ఒక్క పోచా వేయనివ్వలేదు. ఆయన బాబాయితో మాటలు మానేసి అప్పటికి మూడు నెలలు. ఏళ్ల తరబడి పెద్ద లైట్ల ముందు నిలబడి నాన్న చూపు మందగించింది. ఆ సంగతి బాబాయి తమ మేస్త్రీకి చెప్పాడు. మేస్త్రీ నాన్నను సెట్టు పైన కట్టే వెదురు మంచె మీది నుంచి దింపి, కింద వైర్లు చుట్టే పనికి పెట్టి, పైకి బాబాయిని ఎక్కించాడు. "నా చోటు కోసమే నా కళ్ల మీద చాడీ చెప్పాడు" అని నాన్న పంతం పట్టారు. "తమ్ముడితో మాట్లాడి వచ్చి వెయ్యరా పోచ" అని నాయనమ్మ, "పండగ ముందు పాపసంకీర్తనం ఉందిగా, అప్పుడు చూద్దాంలే" అని నాన్న. మా వాళ్లందరికీ ఉన్న జబ్బే ఇది. ఏడాది కోపాలన్నీ మూటగట్టి, ఫాదర్ ముందు మోకరిల్లి తప్పులు ఒప్పుకునే ఆ ఒక్క శనివారం కోసం దాచుకుంటారు.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం అమ్మ, నాయనమ్మ గుడి కడగడానికి వెళ్లారు. రాత్రి షూటింగు చేసొచ్చిన నాన్న లోపల నిద్రపోతున్నారు. బాబాయి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. నాకప్పుడు పన్నెండేళ్లు. "అన్నయ్య లేచాడా అమ్మలూ?" అన్నాడు. లేస్తే అరుపులూ కేకలూ తప్పవని నాకు భయం. లేదన్నాను. జేబులోంచి మడతపెట్టిన గులాబీ జిలెటిన్ కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. "మూడో ఆదివారానికి. నేనొచ్చానని చెప్పు. పైన ఎక్కితే అన్నయ్య పడిపోతాడని భయపడ్డాను గానీ, చోటు కోసం కాదని చెప్పు."

నేను చెప్పలేదు. కాగితం ఉపదేశం పుస్తకంలో దాచేశాను. ఆ సాయంత్రం నాయనమ్మ, ఇంట్లో గొడవ ఆపినవాళ్లది గొప్ప పుణ్యమని చెబుతుంటే, నేనే లేచి వెళ్లి తొట్టిలో పోచ వేశాను. ఏం చేశావే అని అడిగితే దేవుడికి తెలుసులే అన్నాను. అంత గర్వంగా నేను మరే పోచా వేయలేదు. తలచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

మూడో ఆదివారం గులాబీ కాగితం దొరకలేదని నాన్న ఊదాదే చుట్టారు. మంగళవారం పొద్దున ఓనరమ్మ రొప్పుతూ వచ్చి, "అమ్మా, మీ మరిది పైకెల్లి పడ్డడంట, జర జల్ది పోండ్రి" అంది. మావాళ్లు వెళ్లేసరికే బాబాయి ప్రాణం పోయింది. మంచె వెదురు విరిగిందన్నారు. అది నాన్న ఎప్పుడూ నిలబడే మూల. సమాధి దగ్గర నాన్న ఏడవలేదు. "వాడు నామీద కోపంతోనే పోయాడు" అన్నారు, అంతే.

శనివారం పాపసంకీర్తనంలో ఫాదర్‌కు అంతా చెప్పాను. "మూడు మంగళవార్త జపాలు చెప్పుకో. వీలు చూసుకుని నాన్నకు ఈ మాట చెప్పమ్మా" అన్నారాయన. జపాలు అక్కడే ముగించాను. వీలు మాత్రం దొరకలేదు. మొదట కొడతారని భయం. తర్వాత, మానుతున్న పుండు కెలకడమెందుకన్న తెలివి. ఏటా మొదటి కొవ్వొత్తి వెలిగించగానే నాన్న ఆ మాటే అనేవారు, కోపంతోనే పోయాడని. ఈసారి పండగలోపు చెప్పేద్దామని నేను ఏటా అనుకునేదాన్ని. చివరికి ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో, చూపు పూర్తిగా పోయి, నా చెయ్యి తడుముకుంటూ కూడా అదే అన్నారు. చెప్పబోయి ఆగాను. అమ్మ కూడా ఉన్నప్పుడు, ఆదివారం చెబుదామనుకున్నాను. ఆయన శుక్రవారమే పోయారు.

ఆగమన కాలం నాలుగు వారాలే. నాన్నకు ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు తొమ్మిదేళ్లు దొరికాయి, చాలలేదు.