కాలేజీ తీగ

నాకు ముక్కు మీద కోపం. మా కాలేజీ బొటానికల్ గార్డెన్‌లో ఎవరైనా ఆకు తుంపితే మరీను. విజయవాడ శివార్లలో ఉన్న ఆ తోటను బోటనీ చెప్పే నేనే పెంచాను. గోడ వెనకే పొలాలకు నీళ్లిచ్చే పంట బోదె. ఓసారి నర్సరీలో పసుపుపచ్చ పూల తీగ చూసి ముచ్చటపడి తెచ్చాను. మన దేశపు మొక్క కాదు. ఏడాది తిరిగేసరికి నేలంతా కమ్మేసింది. కత్తిరించిన కొసలు గోడవతల పడేయమని తోటమాలికి చెప్పిందీ నేనే.

మొన్నటి వానాకాలం ఒక కౌలురైతు ఆ తీగనే చుట్టగా చుట్టి స్టాఫ్‌రూమ్‌కు తెచ్చాడు.

"మేడం గారూ, దీని పేరేంటండీ? మా బోదె నిండా ఇదేనండీ. నీళ్లు దిగట్లేదు. అక్కడ నారు ముదిరిపోతా ఉంది."

చూడగానే గుర్తుపట్టాను. అయినా లాటిన్ పేరు గడగడా చెప్పి, వేళ్లతో సహా పీకాలని, ఒక్క కణుపు మిగిలినా మళ్లీ మొలుస్తుందని పాఠం చెప్పాను. ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం చెప్పలేదు. ఆయన దండం పెట్టి వెళ్లిపోయాడు. సాయంత్రమే తోటలో ఉన్నదంతా పీకించాను.

మర్నాడు పదిమంది విద్యార్థుల్ని వెంటబెట్టుకుని, చీర కుచ్చిళ్లు ఎగదోపి బోదెలోకి దిగాను. పీకిందంతా గట్టు మీద కుప్ప వేస్తుంటే ఆ రైతు వచ్చి ఆపాడు.

"అక్కడొద్దండీ. తడి తగిలితే మళ్లీ పాకుద్ది. రోడ్డు మీద పరిస్తే ఎండకి మాడిపోద్దండీ."

కణుపుల పాఠం నిన్న చెప్పింది నేనే. పిల్లలు నవ్వాపుకుంటూ మొహాలు పక్కకు తిప్పుకున్నారు.

మూడో రోజు మధ్యాహ్నానికి నీళ్లు ఆయన మడిలోకి దిగాయి. నాట్లకొచ్చిన ఒకావిడ పక్కావిడతో అంది, "కాలేజీ తీగ పోయింది. ఇంక నాట్లు పడతాయిలే."

నా తల కొట్టేసినట్టయింది. ఆ ఊళ్లో దాని పేరే అదట. ఆయన దగ్గరికెళ్లి చెప్పేశాను.

"ఆ తీగ తెచ్చింది నేనేనండీ."

"తెలుసండీ. మీ తోటమాలి గోడ మీంచి పడేస్తుంటే చూశానండీ."

"మరి ఆ రోజే అడగలేదేం?"

"పేరడిగాను కదండీ. మిగతాది మీరే చెబుతారనుకున్నానండీ."

ఆయన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది. ఆ రోజు నలుగురి ముందూ నిలదీసి ఉంటే, నా సంగతి నాకు తెలుసు, ఎదురు తిరిగి పోట్లాడేదాన్ని. అవతల నారు ముదిరిపోతున్నా ఆయన నా పరువు చూశాడు.