చేతులు రుద్దుకుని ముట్టుకో

“చేతులు రుద్దుకుని ముట్టుకోవే బుజ్జీ, చల్లగా ఉన్నాయి,” అన్నాడాయన.

“నేనేమన్నా నీ వార్డులో నర్సునా బావా?” అన్నాను.

అంతే. మా ఇద్దరి ఆఖరి మాటలవే. ఆ సాయంత్రమే పోయాడు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో, తను పనిచేసిన ఆసుపత్రిలోనే.

రాస్తున్నావా అమ్మాయ్? నాకు సంతకం దాకానే వచ్చు, తమ్ముడి కూతురివని నీకు చెబుతున్నా. మీ మామయ్య నెలలు నిండకుండా పుట్టిన పిల్లల డాక్టరు. అరచేతిలో పట్టేంత పిల్లలు, గాజుపెట్టెల్లో పెడతారు. బతుకంతా ఆ పెట్టెల దగ్గరే. వాళ్లని ముట్టుకునే ముందు చేతులు కడిగి కడిగి, రుద్ది రుద్ది వెచ్చ చేసుకునేవాడు. అలా కడిగి పగిలిపోయిన చేతులకి కొబ్బరినూనె రాయడం నా వంతు. అక్కడ వేలికి ఉంగరం ఉండకూడదట. మా పెళ్లుంగరం పోపులడబ్బాలో ఆవాల పక్కన పడుండేది.

ఇంట్లో మాత్రం “ఏమే, అన్నం పెట్టు” తప్ప ఇంకో మాట లేదు.

బతికి పెద్దయిన ఆ పిల్లలకి ఏటా వేసవిలో ఆసుపత్రి తోటలో పండగ చేస్తారు. ఒకేడు నన్నూ తీసుకెళ్లాడు. పులిహోర కలిపి పట్టుకెళ్లా. తాటిచెట్టంత కుర్రాడొకడు వచ్చి ఆయన్ని వాటేసుకుంటే, ఈయన వాడి తల నిమురుతూ నిలబడ్డాడు. నా తల ఎప్పుడైనా నిమిరాడా? అది చాలదన్నట్టు, ముసలి నర్సొకావిడ వచ్చి నాకర్థమయ్యేలా మెల్లగా జర్మన్‌లో అడిగింది: “బుజ్జీ అంటే ఏంటమ్మా? డాక్టరుగారు ప్రతి బిడ్డనీ అలాగే పిలుస్తారు. పెట్టె దగ్గర కూర్చుని మీ భాషలో ఎంతసేపో కబుర్లు చెబుతారు.”

ఒళ్లు మండిపోయింది. ఇప్పుడంటే ఫ్రాంక్‌ఫర్ట్ పక్కనే ఎష్‌బోర్న్‌లో మీ ఆఫీసు నిండా తెలుగోళ్లే. అప్పట్లో నాకు తెలుగు పలికే మనిషి ఆయనొక్కడే. ఆ కాస్త తెలుగూ పట్టుకెళ్లి, ఒక్క ముక్క అర్థంకాని పిల్లలకి పోసొస్తున్నాడా!

“బుజ్జీ అంటే బంగాళదుంప,” అని చెప్పా. పాపం, నమ్మింది.

“చంటిపిల్లల మీద కుళ్లేంటత్తా?” అంటావేం? కుళ్లే. అలాగే రాయి. సవతయితే జుట్టు పట్టుకుని అడుగుదును. వీళ్లకి జుట్టే లేదు.

ఆఖరికి ఆ బుజ్జీ నా చెవిన పడింది. మందుల మత్తులో వార్డులో ఉన్నాననుకున్నాడేమో అని ఒకటే పీకులాట. కానీ నువ్వే చెప్పు, నర్సుల్ని బుజ్జీ అనడు గదా. పిల్లల్ని చేతులు రుద్దుకోమనడు గదా. అయితే నన్నేగా?

ఏదీ, మొదటి ముక్క చదువు. ఆయనన్నది చాలు, నాది వద్దు. మెల్లగా చదువమ్మా.