నల్ల తామర పురుగు అసలు పేరు

మా తమ్ముడు మిరప పువ్వు ఒకటి కోసి, అరచేతిలో దులిపి, నా ముఖం ముందు పెట్టాడు. ఆవగింజలో పావు వంతు కూడా లేని నల్ల పురుగులు పది పన్నెండు అటూ ఇటూ పరిగెడుతున్నాయి.

"పేటలో పురుగుమందుల కొట్టాయన ఇచ్చినవన్నీ కొట్టానక్కా. చావట్లేదు. నువ్వు బ్రాడీపేటలో పిల్లలకి జువాలజీ చెప్తావు గదా! దీని అసలు పేరేంటో చెప్పు. పేరు తెలిస్తే మందు దొరుకుద్ది."

పేరు తెలియకేం! త్రిప్స్ పార్విస్పైనస్. ఆ వారమే కోచింగ్ సెంటర్లో ఊదరగొట్టాను. త్రిప్స్ గ్రీకు మాట, కొయ్యను తొలిచే పురుగని అర్థం. లాటిన్‌లోకి అలాగే వచ్చేసింది. ఒక్కటున్నా త్రిప్సే, లక్షలున్నా త్రిప్సే. రెండో మాట విశేషణం. పార్వుస్ అంటే చిన్న, స్పైనా అంటే ముల్లు. మొదటి మాట పుంలింగం కనుక రెండోది కూడా దానికి తగ్గట్టే ముగియాలి. గట్టు మీద నిలబడి ఇదంతా వాడికి వివరించాను. సిగ్గులేకుండా వివరించాను.

వాడు శ్రద్ధగా విన్నాడు. "చిన్న ముల్లా... సరే, మందు?"

"ఇంత ముదిరాక ఏ మందూ పని చెయ్యదురా."

"మరెందుకక్కా ఇంత చదువు?"

నాకు ఒళ్ళు మండింది. వాడి మీద కాదు, నా మీదే.

మా ఇంట్లో ఏటా మొదటి మిరప మొక్క నా చేత నాటిస్తారు. నా చెయ్యి మంచిదని అమ్మ నమ్మకం. ఈసారి కూడా సెలవు పెట్టి వచ్చి, తూర్పు మూల నాటి వెళ్ళాను. ఇప్పుడు చేనంతా ఆకులు పైకి ముడుచుకుపోయాయి. సాళ్ళ మధ్య రాలిన పూత మీద నడవాల్సి వస్తోంది.

"పీకెయ్యమంటావా?" అన్నాడు వాడు. "పూత మీదున్న చేనక్కా. నా వల్ల కాదు. నువ్వే చెప్పు."

ఇంకో వారం చూద్దామని నోటిదాకా వచ్చింది. భయమేసింది. ఆ వారం కూడా పోతే వాడికి మరో పంట వేసే అదను ఉండదు.

"పీకేసి మొక్కజొన్న వెయ్యరా."

"అయితే మొదటిది నువ్వే పీకు."

తూర్పు మూలకు తీసుకెళ్ళాడు. నేను నాటిన మొక్కకు పసుపు గుడ్డ పీలిక కట్టి ఉంది. ఎప్పుడు కట్టాడో, నాకు చెప్పలేదు. రెండు చేతులతో మొదలు పట్టుకుని లాగాను. కాసేపు మొరాయించి, మట్టితో సహా ఊడి వచ్చింది.

వేళ్ళు తెల్లగా, ఏ జబ్బూ లేకుండా ఉన్నాయి.