నలభై ఆరో చిలుక

1957 సెప్టెంబరు 22, ఆదివారం, పొద్దున పదకొండు గంటలకు నేను చేసిన పని వాసన ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అది తడిసిన సున్నం వాసన. ముసురు పట్టినప్పుడల్లా నా బల్ల మీదున్న అరచేతంత సున్నం పెచ్చు నుంచి వస్తుంది.

ఇబ్రహీంపట్నంలో దొరల కోటలాంటి ఇల్లు, గడి; దాని తాళాలు మా బాపు మొలకు వేలాడేవి. దొరలు నగరంలో ఉండి పండుగలకే వచ్చేవారు. దొరగారి తాత, ఎవరో ఫ్రెంచి ఆసామి బంగళాలో కప్పు నిండా మబ్బులు, వాటి నడుమ రెక్కలున్న పసిపిల్లలు చూసి మనసుపడి, గడిలో దాలాను అనే పెద్ద గది కప్పు మీద అట్లాగే గీయమన్నాడట; అటువంటి పిల్లలను ఎన్నడూ చూడని చిత్రకారుడు, రెక్కలుంటే చాలునని చిలుకలను గీశాడట. వానాకాలం మధ్యాహ్నాలు దాలానులో చల్లటి బండల మీద వెల్లకిలా పడుకుని, ఉడకబెట్టిన పల్లికాయ ఒలుచుకుంటూ, నేనూ చిన్నమ్మ కూతురు యాదమ్మా వాటిని లెక్కపెట్టేవాళ్లం. నాకు నలభై ఆరు వచ్చేవి. దానికి ఎప్పుడూ నలభై అయిదే.

“అది చిలుక గాదే, దీపం మసి. నీకు లెక్కలు రావు,” అనేది.

రేపు పెద్దలకు పెట్టే పెత్రమాస అనగా గోడలకు సున్నం వేస్తున్నారు. కూలీలు సద్ది తినడానికి పోగానే, ఆ మసి తుడిచి యాదమ్మకు చిలుకను చూపిద్దామని, తడిగుడ్డ పట్టుకుని వాళ్ల నిచ్చెన ఎక్కాను. గట్టిగా రుద్దితే మసి వదిలింది. వెంటనే పచ్చరంగూ వదిలింది. నలభై ఆరో చిలుక నా మోచేతి మీదుగా కారిపోయింది.

బాపు కొట్టలేదు. నా చెయ్యి కడిగి, పొద్దుగూకేలోగా కప్పంతా సున్నం పూయించాడు.

“పొగకు కరాబైందని సున్నం నేనే ఏపిచ్చిన అని దొరకు చెప్త. నువ్వు నోరు తెరువకు, బిడ్డా.”

మర్నాడు గారెలు తింటూ దొర తల పైకెత్తాడు. “మా తాత మబ్బుల్ని తెల్లగ దవాఖాన చేసినవ్ గదరా నర్సింహా,” అని తాళాలు తీసుకున్నాడు. ఆనాటి నుంచి ఊరికి మా బాపు సున్నం నర్సింహ. ఆయన పాడె మోసినవాళ్లూ ఆ పేరే అన్నారు. నేను నోరు తెరవలేదు.

తర్వాత నగరం మా వైపు పెరుగుతూ వచ్చింది. రావిర్యాల దాకా పొలాల్లో హద్దురాళ్లు పడ్డాయి, గడీ అమ్ముడుపోయింది. 2007 ఫిబ్రవరి 9న, పాత ఇండ్ల మీద చదువుకుంటున్న ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. బొమ్మలుంటే ఆ దాలానునైనా కూల్చనని కొన్నాయన మాటిచ్చాడట. పంతులమ్మగా పనిచేసిన నా మాట నమ్మవచ్చని ఊళ్లో చెప్పి పంపారట.

బొమ్మలు ఉండేవంటే, సున్నం ఎవరు వేశారని అడుగుతారు. ఎందుకు వేశారని అడుగుతారు.

“లేవు బిడ్డా. మొదటిసంది ఉత్త సున్నమే,” అన్నాను. వాళ్లు రాసుకున్నారు.

13వ తేదీ, మంగళవారం, యంత్రం కప్పును తాకగానే సున్నం పొరలు పొరలుగా రాలింది. దాని కింద మబ్బులు, ఎర్రటి ముక్కులు, నిన్న గీసినట్టే ఉన్నాయి. ఊపిరి పీల్చి వదిలేంతసేపు చూశాను. తర్వాత దుమ్ము లేచింది. పక్కన యాదమ్మ కొంగుతో ముక్కు మూసుకుని, “మీ బాపు వాటిని ఖరాబు చెయ్యలేదే,” అంది.

చిలుకలు నలభై ఆరు. తడిగుడ్డతో నేను తుడిచింది ఒకటి. నా మాటతో పోయినవి నలభై అయిదు. బాపు పోగొట్టింది ఒక్కటీ లేదు.