చెల్లెలి తొడమింద నా వేళ్ళు

మొన్న మీలో పెద్దది, నా పెద్ద మనవరాలు, ఫోన్లో తన ల్యాబు పని చెప్తా ఉంటే, చాటలో కొర్రలు చెరగతాండిన నా చెయ్యి అట్లే నిలిచిపాయ. నెత్తురు తయారయ్యే చోట ఒగ కణం రెండైనప్పుడల్లా లోపలుండే రాతను మళ్ళా ఎత్తి రాసుకుంటాదంట, ఒగోసారి అందులో ఒగ తునక జారిపోతాదంట. ఆ జారిపోయింది ఇంక చాలు, నిలుపు అని చెప్పే తునకైతే, ఇంకా రెండు మూడు తప్పులు దానికి తోడైతే, ఆ కణాలు చేన్లో గరిక మాదిరి అల్లుకోని మంచి నెత్తురుకు చోటు లేకుండా చేస్తాయంట. అదే బ్లడ్డు క్యాన్సరంట. అప్పుడు నెత్తురు సరిగ్గా గడ్డకట్టక, ఊరికే పట్టుకున్నా ఒళ్ళు కమిలిపోతాదంట. పెద్దది ఆ మాట చెప్పి వేరే కతలోకి పాయ, నా మనసు మాత్రం కోడుమూరు పక్కన చిన్నప్పటి మా ఊర్లోనే ఉండిపాయ.

అప్పుడు నాకు తొమ్మిదేండ్లు, మా చెల్లెలికి నాలుగు. అమ్మా నాయనా కూలికి పోతే దాన్ని సంకనేసుకోని తిరిగేది నేనే. ఆ యేడు పిల్ల పాలిపోయి, నడవనని మారాం చేస్తాండె, అందుకని ఇంకా శానాసేపు ఎత్తుకుంటి, జారిపోకుండా తొడ గట్టిగా పట్టుకోని. ఒగనాడు అమ్మ నీళ్ళు పోస్తా చూస్తే తొడమింద నల్లగా కమిలిన మచ్చలు. అమ్మ నా చెయ్యి లాగి వాటిమింద పెట్టి చూసె. నా వేళ్ళకు సరిగ్గా సరిపాయ.

"మోయలేక గిల్లతావేమే, పాపిష్టిదానా!"

గిల్లలేదంటే ఎవరు నమ్మేది, నా వేళ్ళే ఆడ సాక్ష్యం చెప్తాంటే? ఆ పొద్దు నుంచి చెల్లెల్ని నాకియ్యలే. ఖాలా అని మేం పిలిచే పక్కింటి సాయిబులామె దగ్గర ఇడిసిపెట్టి పోతాండె. గోడకవతల అది అక్కా అక్కా అని పిలుస్తాంటే, ఇవతల నేను చేతులు ఒళ్ళో దాచుకోని కూచుంటాంటి. కడుపు ఉబ్బితే లోపల బల్లనే గడ్డ పెరిగిందని వాత పెట్టించిరి. తగ్గలే. నాయన కర్నూలు ఆస్పత్రికి ఎత్తకపోయి వచ్చె. జొన్న కోతలు రాకముందే పిల్ల పాయ.

నెత్తురుకు పట్టిన క్యాన్సరని డాక్టరు చెప్పిన మాట నాయన శానా ఏండ్లకు గాని బయటపెట్టలే. రోగం పేరు తెలిసినా, నా వేళ్ళ గుర్తులు ఎందుకు పడినాయో ఎవరూ చెప్పలే. నా చేతులే ఆ రోగం తెచ్చినాయని లోపల్లోపలే అనుకుంటాంటి.

అవ్వ మిమ్మల్ని ఒగరినన్నా సంకనేసుకోలేదని మీ అమ్మ ఇప్పటికీ దెప్పతాది. ఒళ్ళో పండబెట్టుకుంటి, ఉయ్యాల ఊపితి, ఎత్తుకోమని మీరు చేతులు చాపితే మాత్రం నడుం నొప్పంటి. అది అబద్ధం, పిల్లల్లారా.

ఆ తునక జారేది ఎవరి చేతి తప్పూ కాదని ఇప్పుడు తెలిసె. చెప్దామంటే అమ్మ లేదు, ఖాలా లేదు, చెల్లెలి మొగం ఎరిగినోళ్ళు నేను తప్ప యాడా లేరు. ఇప్పుడు మందులుండాయంట, శానామంది పిల్లకాయలు బాగైతారంట, సంతోషమే. మీరంతా నాకన్నా పొడుగైపోతిరి. ఎత్తుకుందామన్నా ఇప్పుడు నా సంకలో ఎవరూ పట్టరు.